పాత నిక్కోర్ లెన్సులు, కొత్త మిర్రర్‌లెస్ కెమెరా: నా అనుభవం

మా బాబాయి ఫిల్మ్ కెమెరాతో పెళ్ళి ఫోటోలు తీసిన రోజుల నాటి నికాన్ కంపెనీ నిక్కోర్ లెన్సులు రెండు, 50 ఎంఎం ఎఫ్/1.8, 105 ఎంఎం ఎఫ్/2.5, నా చేతికి వచ్చేసరికి నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న సోనీ ఏ7 II అనే మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా ఉంది. ఆ లెన్సులను దీనికి తగిలించే అడాప్టర్ కన్నా ముందు మెకానిక్ అవసరం పడింది. చెన్నై ఉక్క గాలికి 50 ఎంఎం లోపల సాలెగూడులా ఫంగస్ పట్టింది. "గాజు మీది కోటింగ్ దాకా తిననంతవరకే తుడిస్తే పోతుంది సార్, తినేసి ఉంటే మాత్రం మచ్చ మిగులుతుంది" అని మెకానిక్ ముందే చెప్పాడు. అదృష్టం, మచ్చ మిగల్లేదు. అప్పటి నుంచి రెండు లెన్సులనూ సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో ఉంచుతున్నాను.

నికాన్ ఎఫ్ మౌంట్‌లో, అంటే ఆ కెమెరాలకు లెన్స్ బిగించే అమరికలో, లెన్స్ కూర్చునే అంచు నుంచి ఫిల్మ్‌కు 46.5 ఎంఎం దూరం ఉంటుంది. మధ్యలో, కాంతిని వ్యూఫైండర్‌కు మళ్ళించే అద్దం లేచి పడటానికి ఆ మాత్రం చోటు కావాలి. అద్దం లేని సోనీ ఈ మౌంట్‌లో ఆ దూరం 18 ఎంఎం మాత్రమే కనుక, మిగిలిన 28.5 ఎంఎం నింపే బోలు రింగే అడాప్టర్. అందులో గాజు ఉండదు, కాబట్టి లెన్స్ నాణ్యతలో అది కలిపేదీ తీసేసేదీ ఏమీ ఉండకూడదు.

ఉండకూడదన్నది సిద్ధాంతం. రింగ్ 0.1 ఎంఎం మందం ఎక్కువైతే చాలు, 50 ఎంఎం లెన్స్ సుమారు 25 మీటర్ల అవతల ఉన్నదేదీ స్ఫుటంగా చూపలేదు. 28 ఎంఎం లెన్స్ అయితే 8 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అందుకే చవక అడాప్టర్లు చేసేవాళ్ళు కావాలనే కాస్త పలచగా చేస్తారు. అప్పుడు అనంత దూరానికి ఫోకస్ కుదురుతుంది కానీ, లెన్స్ మీద చెక్కిన మీటర్ల అంకెలను నమ్మడానికి ఉండదు. మైలాపూర్‌లో మా డాబా మీద నుంచి మెరీనా లైట్‌హౌస్‌ను పెద్దది చేసి చూస్తే, లెన్స్ ఫోకస్ రింగ్ అనంతం గుర్తుకు చేరకముందే అది స్ఫుటంగా కనిపించింది. నా పనికి అది చాలు.

నన్ను ఎక్కువగా విసిగించింది అడాప్టర్ లోపలి గోడ. నల్లరంగు వేసినా నిగనిగలాడుతోంది. బీచ్‌లో ఎదురెండకు తీసిన ఫోటోల నడుమ తెల్లటి పొగలాంటిది పరుచుకుంటే, ముందు పాత కోటింగ్‌నే అనుమానించాను. స్టేషనరీ దుకాణంలో దొరికే నల్ల వెల్వెట్ కాగితాన్ని సన్నని పట్టీగా కత్తిరించి లోపల అంటించాక ఆ పొగ చాలావరకు తగ్గింది. పట్టీ అంచు సెన్సర్ వైపు పొడుచుకు రాకుండా, నూగు రాలకుండా చూసుకోవాలి.

ఈ అడాప్టర్‌కు విద్యుత్ కాంటాక్టులు లేవు కనుక, కెమెరా దృష్టిలో దానికి లెన్సే లేదు. మెనూలో 'లెన్స్ లేకుండా షట్టర్' అన్నదాన్ని ఎనేబుల్ చేయాలి. చేతి వణుకును సరిదిద్దే స్టెడీషాట్‌ను మాన్యువల్‌కు మార్చి ఫోకల్ లెంగ్త్ (లెన్స్ ఎంఎం అంకె) మనమే ఇవ్వాలి. 105 తగిలించి 50 అనే ఉంచేస్తే, చేతి వణుకును అది సగమే సరిదిద్దుతుంది. సోనీ సొంత లెన్సులకు ఫోకస్ రింగ్ తిప్పగానే బొమ్మ దానంతటదే పెద్దదవుతుంది, వీటికి కాదు. అందుకని ఫోకస్ మాగ్నిఫయర్‌ను సీ1 బటన్‌కు ఇచ్చాను. ఎఫ్/1.8 దగ్గర మనిషి కంటిపాపకు ఫోకస్ పెట్టాలంటే ఫోకస్ పడిన అంచులను గుర్తించే పీకింగ్ రంగుగీతలకన్నా ఇదే నమ్మకం. పీకింగ్ కనురెప్పనూ కనుబొమనూ ఒకేలా వెలిగిస్తుంది.

లెన్స్‌లోకి వచ్చే కాంతిని తగ్గించే ఎపర్చర్ రింగ్ తిప్పినప్పుడల్లా లోపలి ఆకులు నిజంగానే మూసుకుంటాయి. అయినా ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ వెలుగు పెంచి చూపడం వల్ల ఎఫ్/8 దగ్గరా చీకటి పడదు. ఎపర్చర్‌ను మనం, షట్టర్ వేగాన్ని కెమెరా ఎంచుకునే 'ఏ' (A) మోడ్‌లో మీటరింగ్, అంటే వెలుతురు కొలత, మామూలుగానే నడుస్తుంది, ఫోటో వివరాల్లో మాత్రం ఎఫ్ విలువ నమోదు కాదు.

ఇదంతా ఎపర్చర్ రింగ్ ఉన్న లెన్సుల సంగతి. నికాన్ జీ రకానికి ఆ రింగ్ లేదు కనుక, ఆ పనికి తనకంటూ వేరే రింగ్ ఉన్న అడాప్టర్ కొనాలి. 1987లో వచ్చిన కేనన్ ఈఎఫ్ లెన్సుల్లో ఎపర్చర్ విద్యుత్తుతోనే కదులుతుంది. వాటికి కాంటాక్టులున్న ఖరీదైన అడాప్టర్ తప్పదు, మామూలు రింగ్‌తో అవి పూర్తిగా తెరుచుకునే ఉండిపోతాయి.