శ్రీలంక వెళ్తే బీచ్ సంగతి తర్వాత, ముందు చెరువులు చూడండి

దిల్‌సుఖ్‌నగర్ నుంచి కూకట్‌పల్లి దాకా ఏ ట్రావెల్స్ ఆఫీసులో అడిగినా శ్రీలంక ప్యాకేజీ ఒకే మూసలో ఉంటుంది. కొలంబో, బెంటోటా బీచ్, క్యాండీలో ఒక రాత్రి, నువారా ఎలియా దగ్గర సీతమ్మ గుడి, మళ్లీ కొలంబో వచ్చి షాపింగ్. ఇంట్లో పెద్దవాళ్లుంటే దాని పేరు రామాయణ యాత్ర, కొత్తగా పెళ్లయిన జంటయితే అదే రూటు హనీమూన్ స్పెషల్. అందులో తప్పేం లేదు. కానీ అమ్మని తీసుకుని వెళ్లొచ్చాక నాకు గట్టిగా అనిపించిందేంటంటే, మనవాళ్లు చూడాల్సిన శ్రీలంక ఆ ప్యాకేజీలు వదిలేసే పై సగంలో ఉంది. పాత రాజధానులు అనురాధపురం, పొలొన్నరువ, కొండ మీది కోట సిగిరియా, గుహాలయాల దంబుల్లా. హైదరాబాద్ నుంచి కొలంబోకి నేరుగా విమానం ఉంది, రెండు గంటలకి అటూ ఇటూ. దిగాక ఊళ్లోకి పోకుండా విమానాశ్రయం నుంచే ఉత్తరం వైపు దారి పట్టండి.

ఆ ప్రాంతం మన తెలంగాణ లాంటిదే, వాన కొన్ని నెలలే పడుతుంది, మిగతా ఏడాదంతా ఎండే. అందుకే అక్కడి రాజులు కూడా కాకతీయుల్లాగే చెరువుల మీద పడ్డారు, కాకపోతే చాలా ముందే. 5వ శతాబ్దంలో ధాతుసేనుడనే రాజు కలావెవ అనే పెద్ద చెరువు కట్టించి, అక్కడి నుంచి అనురాధపురానికి 87 కిలోమీటర్ల కాలవ తవ్వించాడు. ఆ కాలవ మొదటి పదిహేడు మైళ్లలో మైలుకి ఆరంగుళాలే వాలుందట. ఇప్పుడు లేజర్ పరికరాలు పెట్టి వేసిన మన కాలనీ రోడ్ల మీదే నీళ్లు ఎటు పోవాలో తెలీక నిలబడిపోతాయి కదా, ఆ రోజుల్లో ఏం పెట్టి కొలిచారో!

ఈ ధాతుసేనుడి కొడుకే సిగిరియా కట్టించిన కాశ్యపుడు. తండ్రిని బంధించి, దాచిన సొమ్మెక్కడో చూపించమంటే, ఆయన కలావెవ గట్టుకి తీసుకెళ్లి దోసిట్లో నీళ్లు పట్టి నా ఆస్తి ఇదే అన్నాడని వాళ్ల చరిత్ర గ్రంథాల్లో ఉంది. కొడుకు తండ్రిని చంపించి, తమ్ముడు దండెత్తి వస్తాడన్న భయంతో ఆ కొండెక్కి కూర్చున్నాడు. క్రీ.శ. 477 నుంచి 495 దాకా అతని రాజ్యం. కథ తెలియకుండా సిగిరియా ఎక్కితే అదొక పెద్ద రాయి, అంతే. తెలిసి ఎక్కితే వేరు.

కొండ చుట్టూ ఉన్న నేల నుంచి దాదాపు 180 మీటర్లు నిటారుగా లేస్తుంది, మెట్లు పన్నెండు వందల దాకా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని బలవంతం చేయకండి, "అమ్మా, నువ్వు కింద తోటలో కూర్చో" అని నేను చెప్తే అమ్మ హాయిగా కూర్చుంది, నిజానికి ఆ తోటే ఒక వింత. కొలనులు, కాలవలు, సన్నటి చిల్లులున్న రాతి పలకలు. వానాకాలంలో నీటి ఒత్తిడికి ఆ చిల్లుల్లోంచి ఇప్పటికీ ఫౌంటెన్ లాగా నీళ్లు ఎగజిమ్ముతాయి, మోటారు లేదు, ఏమీ లేదు. పైకి వెళ్లేవాళ్లకి సగం దారిలో ఇనుప మెలిక మెట్లెక్కితే గుహలో అప్సరసల్లాంటి స్త్రీల చిత్రాలు కనిపిస్తాయి, అక్కడ ఫోటోలు తీయనివ్వరు. పక్కనే అద్దం గోడ. ఒకప్పుడు అద్దంలా మెరిసిందట, ఆ గోడ మీద వెయ్యేళ్ల కిందట వచ్చిన సందర్శకులు ఆ బొమ్మల మీద పద్యాలు గీకి పోయారు. ఇప్పుడు గీకితే మాత్రం కేసే. పైన సింహద్వారం దగ్గర సింహం పోయి పంజాలు రెండే మిగిలాయి, అవి చూస్తుంటే మొత్తం సింహం ఎంతుండేదో ఊహకి కూడా అందదు. అక్కడ కందిరీగలు రేగుతుంటాయని హెచ్చరిక బోర్డులుంటాయి, సరదాకి పెట్టినవి కావు, గోల చేయకండి. పొద్దున్నే గేటు తెరిచేసరికి అక్కడుండాలి, తొమ్మిది దాటితే ఆ రాయి పెనమే. పాస్‌పోర్ట్ వెంట ఉంచుకోండి, సార్క్ దేశాల వాళ్లకి, అంటే మనకి కూడా, టికెట్ తక్కువ.

అక్కడికి దగ్గర్లోనే మిన్నేరియ. ఇదీ చెరువే, 3వ శతాబ్దంలో మహాసేనుడు కట్టించింది. ఆగస్టు, సెప్టెంబరులో నీళ్లు వెనక్కి తగ్గి చెరువు పొట్టలో పచ్చగడ్డి మొలుస్తుంది, దాని కోసం చుట్టుపక్కల అడవుల్లోంచి ఏనుగులు గుంపులు గుంపులుగా దిగుతాయి, ఆసియాలో ఏనుగులు ఒకచోట ఇంత పెద్ద సంఖ్యలో చేరడం చాలా అరుదు. చిరుతల కోసం యాల అడవికి పోయి జీపుల ట్రాఫిక్ జామ్‌లో ఇరుక్కునేకంటే ఇది నయమని నా లెక్క. మనిషి తవ్విన గుంతకి అడవి వచ్చి అలవాటు పడింది, పదిహేడు వందల ఏళ్లుగా.

అనురాధపురం గురించి చెప్పాలంటే చాలా ఉంది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడి కూతురు సంఘమిత్ర బుద్ధగయ నుంచి తెచ్చిన బోధి కొమ్మ అక్కడ చెట్టయి ఇంకా బతికే ఉంది, బంగారు రంగు ఊతకర్రల మీద వాలి. తెల్లబట్టలు కట్టుకున్న జనం తామరపూలు పట్టుకుని, ఒక్క మాట లేకుండా తిరుగుతుంటారు, మన గుళ్లలో తోపులాట అలవాటైన మనకి ఆ క్రమం కొంచెం సిగ్గుగానే ఉంటుంది. జేతవన స్తూపం కట్టినప్పుడు 122 మీటర్లు, అంటే చార్మినార్ మీద ఇంకో చార్మినార్ పెట్టినా అందదు, అదీ మొత్తం ఇటుకే. ఇప్పుడు 71 మీటర్లు మిగిలింది.

కానీ నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఒక గుమ్మం ముందున్న రాయి. అర్ధచంద్రాకారంలో మెట్టు కింద పరిచి ఉంటుంది, చంద్రశిల అంటారు. వంగి చూడండి. అంచున మంటల వరస, లోపల ఏనుగు, గుర్రం, సింహం, ఎద్దు ఒకదాని వెనక ఒకటి, ఆ లోపల తీగ, తర్వాత నోట్లో రెమ్మ పట్టుకున్న హంసలు, నడుమ సగం విచ్చిన తామర. ఏనుగు తొండం మడత కూడా తెలుస్తుంది. తర్వాత పొలొన్నరువ వెళ్లి అక్కడి చంద్రశిలలు చూస్తే ఎద్దు ఉండదు, హిందువులకి నంది కదా, దాని మీద కాలు పెట్టడం బాగుండదని తీసేశారని చెబుతారు. ఈ అర్ధచంద్రపు రాళ్లు మన నాగార్జునకొండ తవ్వకాల్లోనూ దొరికాయి. అదేం కాకతాళీయం కాదు. 3వ శతాబ్దంలో బోధిశ్రీ అనే బౌద్ధ భక్తురాలు వేయించిన నాగార్జునకొండ శాసనంలో తామ్రపర్ణి భిక్షువుల ప్రస్తావన, సింహళ విహారం పేరు రెండూ ఉన్నాయి. తామ్రపర్ణి అంటే శ్రీలంకే. అంటే అక్కడి సన్యాసులు కృష్ణ ఒడ్డున మకాం ఉండేవాళ్లు. వీకెండ్‌కి సాగర్ వెళ్లి డ్యామ్ గేట్ల దగ్గర సెల్ఫీ దిగి, చేపల వేపుడు తిని వచ్చే మనకి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

పొలొన్నరువలో గల్ విహార్ చాలు, ఒకే బండలో చెక్కిన బుద్ధుడి విగ్రహాలు, పడుకున్న బుద్ధుడి తల కింద దిండు నొక్కుకుపోయినట్టు కూడా రాతిలో చెక్కారు. 12వ శతాబ్దంలో పరాక్రమబాహు రాజు పని అది. వాన నీళ్ల చుక్క కూడా మనిషికి పనికిరాకుండా సముద్రంలో కలవకూడదన్న రాజు ఈయనే. ఊరి పక్కన ఆయన చెరువుంది, పేరు పరాక్రమ సముద్రం. సాయంత్రం కట్ట మీద నడవండి.

ఇక క్యాండీ. బుద్ధుడి పన్ను ఉందని కొలిచే దంత ధాతువు ఆలయానికి అందరూ వెళ్తారు, పూజ సాయంత్రం ఆరున్నరకి, భుజాలు మోకాళ్లు కప్పుకోవాలి, బుద్ధుడికి వీపు పెట్టి ఫోటో దిగకూడదు. గైడు తనంతట తాను చెప్పని ముక్క ఒకటుంది, ఆ ఊరి ఆఖరి రాజులు తెలుగు మూలాలున్న మధుర (తమిళనాడు మదురై) నాయకులు. క్యాండీ రాజులు మధుర నుంచి రాణుల్ని తెచ్చుకునేవాళ్లు, 1739లో రాజు వారసుడు లేకుండా పోతే రాణి తమ్ముడే గద్దెనెక్కాడు. అలా వచ్చినవాళ్లలో కీర్తి శ్రీ రాజసింహుడు శైవ కుటుంబంలో పుట్టి కూడా, అక్కడ ఆగిపోయిన బౌద్ధ దీక్షా సంప్రదాయాన్ని 1753లో సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్ నుంచి భిక్షువుల్ని పిలిపించి నిలబెట్టాడు. ఆలయం ముందున్న సరస్సు ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు తవ్వించింది. ఇక్కడా నీళ్లే చూడండి. 1815లో బ్రిటిష్ వాళ్లు ఆయన్ని పట్టుకుని వేలూరు కోటలో పెట్టారు, 1832లో అక్కడే పోయాడు. సరస్సు చుట్టూ నడుస్తూ ఈ కథ చెప్తే అమ్మ ఒకటే అడిగింది, "మరి మనవాళ్లని అక్కడ రానిచ్చారా?" రానిచ్చారు, కొన్నాళ్లు నెత్తిన పెట్టుకున్నారు, ఆఖరికి సర్దార్లే బ్రిటిష్ వాళ్లతో కలిశారు.

మిగతావి గబగబా. హోర్టన్ ప్లెయిన్స్‌లో లోయ అంచుకి తొమ్మిదిలోపు చేరాలి, ఆ తర్వాత మంచు కమ్మితే తెల్ల గోడ తప్ప ఏమీ కనపడదు. ఎల్లా వెళ్లే కొండ రైలు అందమైనదే, కొండచరియలు పడితే ఆపేస్తారు కాబట్టి నడుస్తోందో లేదో కనుక్కుని టికెట్ తీయండి. గాల్ కోట సాయంత్రం పూట బాగుంటుంది. మన వేసవి సెలవుల చివర్లో, అంటే మే తర్వాత వెళ్తే దక్షిణం, పడమర తీరాల్లో వానలు, అప్పుడు తూర్పున ట్రింకోమలి వెళ్లండి, సముద్రం పైన కొండ అంచున కోనేశ్వరం గుడి ఉంది. డిసెంబరు, జనవరిలో అయితే లెక్క తిరగబడుతుంది.

తిండి దగ్గర ఒక మాట. శాకాహారులు కొబ్బరి సంబోల్ చూసి మన కొబ్బరి పచ్చడే అనుకుని వేసుకోకండి, అందులో ఎండు చేప పొడి కలుపుతారు, వేయొద్దని ముందే చెప్పాలి. పప్పు, పనసకాయ కూర, ఇడియప్పం, ఆప్పం ఎక్కడైనా దొరుకుతాయి. మట్టి ముంతలో గేదె పెరుగు మీద జీలుగ పాకం పోసిస్తారు, రోడ్డు పక్కనే, అది మాత్రం వదలకండి.

ఇంకొకటి, కారు మాట్లాడుకునేటప్పుడే డ్రైవరన్నకి నవ్వుతూ చెప్పేయండి, మసాలా తోటలు, రత్నాల షాపుల దగ్గర ఆపొద్దని. కమిషన్ కోసం ప్రతి మలుపులో ఒకటి తగులుతుంది, మూలికల నూనె మోకాళ్లకి రాసి చూపించి అమ్మే దగ్గర మా అమ్మ పర్సు తీయబోయింది కూడా. ఆ గంటన్నర మిగిల్చుకుంటే దంబుల్లా గుహలు అయిదూ తీరిగ్గా చూడొచ్చు.