కానుక కవరు వెనక అంకెలు

నా జ్వరం తగ్గిందని మా ఆయన ఆదివారం గుళ్ళో లేచి సాక్ష్యం చెప్పారు. అసలు భయం ఆ సాయంత్రమే మొదలైంది.

డెంగ్యూ మాకు కొత్తేం కాదు. సెప్టెంబరు వస్తే గుంటూరులో వీధికి ఒకరిద్దరైనా పడతారు. ఐదు రోజులు 103 జ్వరం, కళ్ళ వెనక పోటు, రక్త పరీక్షలు, అవన్నీ అందరికీ ఉండేవే. తెలియనిదల్లా ఒకటే, ఈ జబ్బులో గండం జ్వరం దిగేటప్పుడే. ఒళ్ళు చల్లబడ్డాక ఒకటి రెండు రోజులు రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోయి బీపీ పడిపోవచ్చు. మేం స్తోత్రం చెప్పుకుని థర్మామీటరు బీరువాలో పెట్టేశాం. సాయంత్రానికి కడుపునొప్పి, వాంతులు, చేతులు ఐసుముక్కలు. శంకర్‌విలాస్ బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో ఆటో ఆగిపోతే మా ఆయన దిగి అందరికీ దణ్ణాలు పెట్టారట. ఆసుపత్రిలో నాడి సరిగా అందట్లేదన్నారు.

మర్నాడు పరామర్శలు. చాలామంది అన్నం క్యారియర్లు తెచ్చారు, బొప్పాయాకు రసం తెచ్చారు (కక్కేశాను), మంచం పక్కన రెండు నిమిషాలు తలవంచి వెళ్ళారు. ఒక బ్రదర్ మాత్రం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇంట్లో దాచిన పాపం ఏదైనా ఉందేమో చూసుకోండి సిస్టర్. ఒప్పుకుంటే ఇప్పుడే విడుదల. ప్లేట్‌లెట్లు ఎక్కించుకుంటే ఇక దేవుడి మీద ఆనుకున్నట్టు ఎలా అవుతుంది?"

చిగుళ్ళలోంచి రక్తం, నోట్లో దూది. లేకపోతే అడిగేదాన్ని, 1883లో మిషనరీగా మన ఊరొచ్చిన కుగ్లరమ్మ డాక్టరే కదా, 1898లో ఆవిడ తెరిచిన ఆసుపత్రిలోనే కదా నేను పుట్టింది, మందు అవిశ్వాసమైతే నా పుట్టుకే అవిశ్వాసమా అని. బైబిల్లో కష్టాలపాలైన యోబుని పరామర్శించడానికొచ్చిన స్నేహితులు ఏడు పగళ్ళు ఏడు రాత్రులు మాట్లాడకుండా నేల మీద కూర్చున్నారు. అంతవరకూ మంచివాళ్ళే. నోళ్ళు తెరిచాకే చెడింది.

కానీ ఆ మాట పనిచేసింది. ఆ రాత్రి నిజంగానే పాపం వెతుక్కున్నాను. "ప్రభువా" అనబోతే, పదేళ్ళ కిందట తోడికోడలితో తగువుపడ్డ గొలుసే కళ్ళ ముందుకొచ్చేది. రెండో మాట వచ్చేది కాదు.

ఆ రాత్రి నా దగ్గర పడుకోవడానికి వచ్చింది స్త్రీల సమాజంలో వెనక బెంచీ మామ్మగారు. డెబ్బై దాటాయి. పడుకోలేదు. "ప్లేట్‌లెట్ల అంకె పట్టుకుని ఏడవకండి, గంటగంటకీ యూరిన్ ఎంత వస్తోందో చూడండి" అని డాక్టరు విసుక్కుని వెళ్ళాడు. మామ్మగారు బైబిలు సంచిలోంచి ఖాళీ కానుక కవరు తీసి, నర్సు దగ్గర పెన్ను అడిగి, కొలత జారుని లైటు కింద పెట్టి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి చూసి రాసేది. 10 గంటలకి 30 మి.లీ. 11 గంటలకి 20. 12 గంటలకి 15.

"నాకు ప్రార్థన రావట్లేదు మామ్మగారూ."

"రాకపోతే మానెయ్యమ్మా. నీ వంతు మేం చేస్తున్నాంగా. మీ వీధిలో ఇందాకే కూడిక పెట్టుకున్నారు. నువ్వు ఆ ఉచ్చ సంగతి చూడు."

ఏడుపులోనే నవ్వొచ్చింది. మార్కు సువార్తలో పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చి, ఇంటికప్పు విప్పి దించుతారు. యేసు "వారి విశ్వాసము" చూశాడని ఉంది. మంచం మీదవాడు ప్రార్థన చేశాడని అక్కడ లేదు. యాభై ఏళ్ళుగా వింటున్న కథ, ఆ రాత్రి దాకా నాకు తట్టలేదు.

3 గంటలకి 25. 4 గంటలకి 40. 5 గంటలకి 60.

ప్లేట్‌లెట్లకి కుర్రాళ్ళు నలుగురొచ్చారు. పనికొచ్చినవి మాత్రం ఏటా ఫిబ్రవరిలో గుణదల మేరీమాత కొండెక్కే ఆర్సీఎం (రోమన్ కాథలిక్) కుర్రాడివి. 1842లో లూథరన్ మిషనరీ హయ్యరు దొర గుంటూరొచ్చినప్పటి నుంచీ మాది లూథరన్ ఇల్లని చెప్పుకునే మా మామగారు బతికుంటే ఏమనేవారో!

చదివేవాళ్ళకి ఒక మాట. డెంగ్యూలో జ్వరం తగ్గగానే సాక్ష్యాలు చెప్పకండి, రెండు రోజులాగండి. ఒళ్ళు నొప్పులకి పారాసెటమాల్ తప్ప వేరే మాత్రలు మీ అంతట మీరు మింగకండి, రక్తం కారడం ఎక్కువవుతుంది. పరామర్శకెళ్తే క్యారియరు తీసుకెళ్ళండి, ఉపదేశం ఇంట్లో పెట్టి వెళ్ళండి.

ఆ బ్రదర్ తన ప్రార్థనకే నేను లేచానని వేరే కూడికలో చెప్పాడని తెలిసింది. కనిపిస్తే వందనాలంటాను. అంతకుమించి నావల్ల కావట్లేదు, దేవుడు క్షమించాలి.

మామ్మగారు పొదుపు మనిషి, కవరు పారెయ్యలేదు. నేను మళ్ళీ గుడికెళ్ళిన ఆదివారం తన యాభై రూపాయలు అందులోనే పెట్టి కానుక సంచిలో వేసింది. లెక్కపెడుతూ కోశాధికారి కవరు తిప్పి చూశాడు.

"ఈ ముప్పై, ఇరవై, పదిహేను ఎవరి బాకీలు మామ్మగారూ?"

"అవి వసూలైపోయాయిలే నాయనా" అంది.