పిల్లి పేలు, మందుల షాపు, నేను

పర్లాకిమిడిలో వానలు మొదలయ్యాయంటే మా పిల్లికి పేలు పడతాయి. వేలితో నొక్కబోయేలోపే గెంతి పారిపోయే గోధుమ రంగు పురుగులివి. ఈసారి ఒళ్లంతా గోక్కుంటుంటే తెల్ల కాగితం మీద దువ్వి, రాలిన నల్లటి నలుసులపై నాలుగు చుక్కల నీళ్లు చల్లాను. ఎర్రగా కరిగాయి. పేలు తాగి విసర్జించిన రక్తమే అది.

సన్న పళ్ల దువ్వెనతో రోజూ దువ్వి, చిక్కినవాటిని సబ్బునీళ్లలో ముంచాను. ఖర్చు లేని పని, మానకుండా చేయాలి.

అసలు కథ మందుల దగ్గర మొదలైంది. బజారులో పశువుల మందులు అమ్మే ఆయన కుక్కలకు వాడే పొడి డబ్బా చేతిలో పెట్టాడు. దాని మీద పెర్మెత్రిన్ అని ఉంది. కుక్క తట్టుకునే ఆ మందును పిల్లి కాలేయం విరవలేదు. వణుకు, మూర్ఛ, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. "ఇది పిల్లికి పనికిరాదండీ, పిల్లులకు వేసే ఫిప్రోనిల్ ఉంటే ఇవ్వండి" అన్నాను. ఆయన నాకు జవాబివ్వకుండా పక్కన మేకల మందు కొంటున్నవాళ్ల వైపు తిరిగి, ఒడియాలో, "పిల్లికి మందు కావాలట, అదీ పేరు చెప్పి మరీ! ఆవైతే పాలిస్తుంది, పిల్లి ఏమిస్తుంది?" అన్నాడు. అందరూ నవ్వారు. తెలుగు మనిషికి అర్థం కాదనుకున్నాడు కాబోలు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పటి నుంచి మా ఇంట్లో రెండు భాషలూ ఉన్నాయి. "మీ షాపు బస్తాలు ఎలుకలు కొరకకుండా ఉన్నాయంటే పిల్లి పుణ్యమేనండీ" అని ఆయన భాషలోనే చెప్పి డబ్బా అక్కడే వదిలేశాను. ఈసారి నవ్వింది మేకలవాళ్లు మాత్రమే.

ఆ ఫిప్రోనిల్ మందు గొట్టం శ్రీకాకుళం వెళ్లిన మా మరిది తెచ్చాడు. పిల్లి నాకలేని చోట, మెడ వెనుక వెంట్రుకలు విడదీసి చర్మం మీద వేశాను. దానికి రెండు రోజులు ముందూ వెనుకా స్నానం పోయకూడదు. ఎనిమిది వారాలు నిండని కూనలకు ఈ మందు వద్దు, దువ్వెనే దిక్కు. కర్పూరం రాయమని ఉచిత సలహా ఇచ్చే పెద్దమ్మలు ప్రతి వీధిలోనూ ఉంటారు, కర్పూరం కూడా పిల్లికి విషమే.

మందు వేశాక కూడా కొత్త పేలు కనిపించాయి. గుడ్లు పిల్లి మీద నుంచి రాలి గోనెసంచుల్లో, మంచం కింద దుమ్ములో పొదుగుతాయి. గూడు కట్టుకున్న పురుగును మందు తాకదు, వారాల తరబడి అందులోనే ఉండి బయటికొస్తుంది. కాబట్టి మూలమూలా ఊడ్చి, ఆ చెత్త దూరంగా పారేసి, పిల్లి పడుకునే గుడ్డలను మరిగే నీళ్లలో నానబెట్టాను. మందు నెల తర్వాత మళ్లీ వేశాను.

మా పెరట్లోకి వచ్చే పక్కింటి పిల్లికీ వేయాలి, లేకపోతే మళ్లీ మొదటికొస్తుంది. సగం డబ్బు ఇమ్మని వాళ్లను అడిగాను. ఇంకా జవాబు రాలేదు.