అర మెట్టు దిగినప్పుడు బేస్ గిటార్: ఆరు వారాల సాధన

నల్గొండలో మాదొక చిన్న ఆర్కెస్ట్రా. పెళ్లిళ్లకు, వినాయక చవితి మండపాలకు సినిమా పాటలు వాయిస్తాం. కీబోర్డు అన్న, రిథమ్ ప్యాడ్ తమ్ముడు, ఇద్దరు సింగర్లు, బేస్ గిటార్ మీద నేను. ఆరు వారాలుగా నేను ఒక్క పని మీదే కూర్చున్నాను, ఏ పాటనైనా అప్పటికప్పుడు శ్రుతి అర మెట్టు, అంటే సరిగ్గా పక్కనున్న కింది స్వరానికి, దించి వాయించడం.

మిర్యాలగూడ వైపు ఒక పెళ్లిలో మొదలైంది ఇదంతా. సింగర్ అక్క భోజనాల దగ్గర రెండు ఐస్‌క్రీములు తిని స్టేజీ ఎక్కుతూనే "తమ్మీ, గొంతు పట్టేసింది, అర మెట్టు దించుండ్రి" అన్నది. కీబోర్డు అన్న శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ ఒక్కసారి నొక్కి "దించిన" అన్నాడు, ఆయన వేళ్లు మాత్రం పాత చోటనే ఉన్నాయి. ప్యాడ్ తమ్ముడికి ఏ శ్రుతైనా ఒకటే. మిగిలింది నేనే.

పాట ‘ఈ మైనర్’ (E minor) స్కేల్లో ఉంది. బేస్‌లో నాలుగు ఓపెన్ స్ట్రింగులు (వేలు నొక్కకుండా మోగించే తీగలు), ‘ఈ’, ‘ఏ’, ‘డీ’, ‘జీ’, నాలుగూ ఆ స్కేల్లో ఉన్నవే కాబట్టి ఎడమ చెయ్యికి మధ్యమధ్యలో రెస్టు దొరుకుతుంది. అర మెట్టు దించితే ‘ఈ ఫ్లాట్ మైనర్’, అందులో ఆ నాలుగింటిలో ఒక్కటి కూడా లేదు! పైగా కింది స్ట్రింగు ‘ఈ’ కంటే కిందికి పోనే పోదు. పల్లవి రెండో లైన్లో అలవాటు కొద్దీ ఓపెన్ ‘ఏ’ మోగింది, అక్క పాడుతూనే మెడ తిప్పి చూసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మొదటి రెండు వారాలు పాటలు పూర్తిగా పక్కన పెట్టాను. తాళం కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి, రోజూ అరగంట ఒకే షేపు. ‘ఏ’ స్ట్రింగు మీద 6, 8, 9 ఫ్రెట్లు (గిటార్ మెడ మీది గళ్లు, ఒక్కో గడికి అర మెట్టు), ‘డీ’ మీద అవే 6, 8, 9, ‘జీ’ మీద 6, 8. అంతే, ‘ఈ ఫ్లాట్ మైనర్’ స్కేల్ మొత్తం వచ్చేసింది. ఇదే షేపును 7వ ఫ్రెట్ నుంచి పడితే ‘ఈ మైనర్’. అందుకని మూడో వారం నుంచి మా పాటల్లో ‘ఈ మైనర్’ ఉన్నవన్నీ 7 దగ్గర మళ్లీ నేర్చుకున్నాను, అక్క దించమంటే చెయ్యి ఒక ఫ్రెట్ జరిపితే చాలు, ఆలోచించే పనే లేదు. అక్కడ ఫ్రెట్లు దగ్గరగా కూడా ఉంటాయి. 34 అంగుళాల స్కేలున్న బేస్‌లో మొదటి ఫ్రెట్ వెడల్పు దాదాపు 1.9 అంగుళాలు, 7 దగ్గర 1.35 అంతే, చిటికెన వేలు లాగదు.

నన్ను బాగా సతాయించింది మోత. ఓపెన్ స్ట్రింగులు ముట్టకపోయినా వాటంతట అవే సన్నగా మోగుతుంటాయి. కుడి బొటన వేలిని ‘ఈ’ స్ట్రింగు మీదే ఆనించి పెట్టడం, ఎడమ వేలు ఎత్తేటప్పుడు తీగను పూర్తిగా వదలకుండా తాకి ఉంచడం, ఈ రెండింటికే పది రోజులు పట్టింది. చూపుడు వేలి కొసన తోలు ఒకసారి లేచింది, మళ్లీ గట్టిపడింది.

కింది ‘ఈ’ పోయిందన్న బాధ మాత్రం నాలుగో వారంలో తీరింది. అది 41 హెర్ట్జ్, స్టాండ్ల మీది స్పీకర్లు అంత కిందికి సరిగా పలకవు. ‘ఏ’ స్ట్రింగు 6వ ఫ్రెట్ దగ్గర 78. మైక్ సెట్ అన్న తనే వచ్చి "ఇప్పుడు బేస్ మంచిగ వినవడుతుంది" అన్నాడు. చాలా సంతోషమేసింది.

మొన్న నకిరేకల్‌లో ప్రోగ్రాం. అక్క దించమంది, నేను 6కి జరిగాను, పాట శుభ్రంగా అయింది. తర్వాతి పాట మగ సింగర్‌ది, అదీ ‘ఈ మైనరే’. కీబోర్డు అన్న బటన్ వెనక్కి నొక్కడం మరిచిపోయాడు. మొదటి కార్డ్ చెవిన పడగానే నేను 7 నుంచి 6కి దిగిపోయాను, చివరిదాకా ఎవరికీ తెలియలేదు. పాటయ్యాక సింగర్ నీళ్లు తాగుతూ "ఇయ్యాల నా గొంతు మస్తు తేలికగ పోతున్నదే, పైస్థాయి అసలు కష్టమే అనిపించలే" అన్నాడు.