గుండెలో గడ్డ అంటే ఏ గడ్డ?

నల్లగొండ, పాలమూరు దిక్కు ఎకో తీయించుకొని వచ్చినవాళ్లు ‘గుండెల గడ్డ ఉందట’ అంటారు. రక్తం గడ్డకట్టినా గడ్డే, కణితి లేచినా గడ్డే. వైద్యం మాత్రం వేరు: మొదటిదానికి రక్తం పల్చబడే మందు, మిక్సోమా అనే కణితి అయితే ఆపరేషన్. ఆ మందుతో మిక్సోమా కరగదు. దాని ముక్క తెగి మెదడుకు పోతే పక్షవాతం.

పెద్దవాళ్లలో గుండెలోనే పుట్టే కణితుల్లో ఎక్కువగా కనిపించేది ఈ మిక్సోమానే. నాలుగింట మూడు వంతులు ఎడమ కర్ణికలోనే (గుండె ఎడమ పైగది), నడిమి గోడకు కాడతో వేలాడుతుంది. టూడీ ఎకోలో చూస్తే, కిందిగదికి (జఠరికకు) దారైన మైట్రల్ వాల్వ్ తెరుచుకోగానే అందులోకి జారి, మూసుకునేటప్పుడు వెనక్కి వస్తుంటుంది. దారికి అడ్డం పడుతుంది కాబట్టి ఆయాసం, గుండె చప్పుడు అచ్చం మైట్రల్ వాల్వ్ సన్నబడినట్టే ఉంటాయి. కీళ్లవాతపు జ్వరంతో వాల్వ్ నిజంగానే సన్నబడి, లయ తప్పిన గుండెలో రక్తం గడ్డ ఎక్కువగా కర్ణికకు చెవిలా ఉండే సంచిలో చేరుతుంది. అందుకే రిపోర్టులో ‘మాస్’ (ముద్ద) అని రాసి వదిలేయడం తప్పు. సెంటీమీటర్లలో కొలతలు, ఎక్కడ అతుక్కుంది, కాడ ఉందా, వాల్వ్‌కు తగులుతోందా, ఇవన్నీ రాయాలి. ఛాతీ మీద నుంచి తీసిన ఎకోలో తేలకపోతే గొంతు ద్వారా ఎకో చేయాలి. వాల్వ్ మీద సెంటీమీటరు కన్నా చిన్నగా అల్లాడే ఫైబ్రోఎలాస్టోమా అనే కణితి దాంట్లోనే బాగా దొరుకుతుంది, ఎంఆర్ఐలో తప్పిపోవచ్చు.

రక్తం గడ్డా, కణితా అన్న అనుమానం తీరకపోతే గాడోలినియంతో (బొమ్మ తేటగా కనబడేందుకు నరంలోకి ఎక్కించే మందు) గుండె ఎంఆర్ఐ. ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూసుకోవాలి. మందు ఎక్కించిన పది నిమిషాలకు తీసిన బొమ్మల్లో రక్తం గడ్డ నల్లగానే ఉండిపోతుంది. నెత్తురు పారే కణితి ఎంతోకొంత వెలుగుతుంది. పాత రక్తం గడ్డ అంచులు కూడా ఒక్కోసారి వెలుగుతాయి, అక్కడే పొరపాటు జరుగుతుంది. పది పదిహేను సెకన్లు ఊపిరి బిగబట్టలేకపోయినా, లయ తప్పినా బొమ్మలు చెదిరిపోతాయి.

కణితి కుడి కర్ణికలో వెడల్పుగా అతుక్కొని, గోడలోకి పాకి, గుండె చుట్టూ నీరు చేరితే ఆంజియోసార్కోమా అనే క్యాన్సర్‌ను అనుమానించాలి. వేరే అవయవం నుంచి పాకిన క్యాన్సరైనా కావచ్చు, గుండెలో పుట్టేవాటికన్నా అవే ఎక్కువ. అప్పుడు సీటీ, పెట్ స్కాన్ కావాలి.

మిక్సోమాను మొదలంటా, అతుక్కున్న గోడ ముక్కతో సహా తీస్తారు. మళ్లీ రావడం అరుదే అయినా కొన్నేళ్లు ఏటా ఎకో చేయించాలి. హైదరాబాద్‌కు పంపేటప్పుడు కాగితం రిపోర్టుతో పాటు కదిలే బొమ్మలున్న సీడీ కూడా ఇచ్చి పంపండి. కాడ మీద ఊగడం కాగితం మీద కనబడదు.