గడప దాటిన ఎండ

నల్లకుంటలోని మా ఇంటి ముందుగదికి దక్షిణం వైపు ఒక గుమ్మం ఉంది. గుమ్మం పైన రెండడుగుల సన్‌షేడు, లోపల రెండడుగుల చదరపు తాండూరు బండలతో పరిచిన నేల ఉన్నాయి. వేసవిలోనూ వానాకాలంలోనూ ఆ గదిలోకి మధ్యాహ్నపు ఎండ రాదు. హైదరాబాదులో మే 9 మొదలుకొని ఆగస్టు 3 వరకు మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ఆ రెండు తేదీలలో మాత్రం సరిగ్గా నెత్తి మీదికి వచ్చి, నిలువుగా నిలబెట్టిన కర్రకు నీడ లేకుండా చేస్తాడు. ఆగస్టు 3 దాటిన తరువాత ఆయన నడినెత్తికి దక్షిణంగా జరుగుతూ పోతాడు. ఎంగిలిపూల బతుకమ్మ వచ్చే రోజులలో పగలు పన్నెండు గంటలకు ఎండ మా గడపను తాకుతుంది. దీపావళి నాటికి మొదటి బండ నిండుతుంది. కార్తీక పౌర్ణమికి రెండో బండ సగానికి చేరుతుంది. ఇరవై ఏళ్లుగా నేను ఈ గదిలో కూర్చుని చూస్తున్న శరదృతువు ఇదే.

మా అమ్మాయి చిన్నప్పుడు చదివిన పుస్తకంలో శరదృతువు పాఠానికి ఎర్రటి, నారింజరంగు ఆకులు రాలుతున్న చెట్టు బొమ్మ ఉండేది. ఆటమ్ అనే ఇంగ్లీషు మాటకు శరత్తు అని తెలుగు చేసి, దానితోపాటు ఆ చలిదేశాల చెట్టును కూడా తెచ్చిపెట్టారు. మన ఆకురాలు కాలం శిశిరం. అది మాఘ ఫాల్గుణ మాసాలలో వస్తుంది. మా ప్రహరీ పక్కనున్న వేపచెట్టు ఫిబ్రవరి, మార్చి నెలలలో వాకిలి నిండా ఆకులు రాలుస్తుంది కానీ ఆశ్వయుజంలో ఒక్క ఆకైనా పసుపెక్కదు. పైగా వానలన్నీ తాగి, దుమ్మంతా కడిగేసుకుని, ఏడాది మొత్తంలో అత్యంత నిండుగా కనిపించేది అప్పుడే. ఆ బొమ్మ చూసి మా అమ్మాయి వేపచెట్టు కింద నిలబడి, ఆకులెందుకు రాలడం లేదని అడిగింది. సరైన సమాధానం చెప్పడానికి నేను మళ్లీ శరత్తును మొదటినుంచి చూడవలసి వచ్చింది.

నైరుతి రుతుపవనాలు అక్టోబరు మధ్యనాటికి తెలంగాణ నుంచి వెనుదిరుగుతాయి. నాలుగు నెలలపాటు సముద్రపు తేమను మోసుకొచ్చిన గాలి ఆగిపోతుంది, గాలిలో ధూళి కూడా వానలకు కిందికి దిగిపోయి ఉంటుంది, అందుచేత ఆకాశానికి ఆ లోతైన నీలం వస్తుంది; మబ్బులు కనిపించినా నీళ్లు లేని తెల్లటి మబ్బులే. తేమ తగ్గినకొద్దీ భూమి పగలు పుచ్చుకున్న వేడిని రాత్రి తొందరగా వదిలేస్తుంది. అక్టోబరులో సుమారు 20 డిగ్రీల దగ్గర ఉండే రాత్రి ఉష్ణోగ్రత నవంబరుకు 17 డిగ్రీల దరిదాపుల్లోకి దిగుతుంది. ఫ్యాను రెండో నంబరుకు తగ్గించి, కొన్నాళ్లకు పూర్తిగా ఆపివేసిన మొదటి రాత్రి ఇంట్లో వినిపించే నిశ్శబ్దం నాకు ఎంతో ఇష్టం. గోడగడియారం చప్పుడు, వీధి చివర కుక్క మొరుగు, పక్కగదిలో అమ్మ పక్కకు ఒత్తిగిలిన అలికిడి, ఇవన్నీ మార్చి తరువాత మళ్లీ అప్పుడే చెవికి చేరతాయి.

ఈ ఋతువులో అన్నీ మంచే జరుగుతాయని నేను అనలేను. వైద్యులకు శరత్తు తల్లి, వసంతం తండ్రి అని సంస్కృతంలో ఒక పాతమాట ఉంది, ఈ రెండు కాలాలలో రోగాలు ఎక్కువ కాబట్టి. నిలిచిన వాననీటిలో దోమలు పెరిగి డెంగీ ముదిరేది కూడా ఈ రోజులలోనే కనుక, మేము ప్రతి ఆదివారం పూలకుండీల పళ్లాలను బోర్లిస్తాము. 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి కురిసిన వానకు నగరంలో ఎన్నో కాలనీలు మునిగాయి. ఆ రాత్రి మా వీధి నీరు మెట్ల దాకా వచ్చి ఆగిపోయింది. ఆ తరువాత వచ్చిన ఎండకు ఎంత విలువ ఉందో ఆ వారం రోజులలో నాకు తెలిసింది.

ఎండ లోపలికి రాగానే అమ్మ మొదట చేయించే పని బొంతలను బయటికి తీయించడం. ఆమెకు ఎనభై రెండేళ్లు. ఉదయం తొమ్మిదిన్నరకు కుర్చీలోంచే, "బిడ్డా, పొడి ఎండ వచ్చింది, బొంతలు డాబా మీద ఎయ్యి" అంటుంది. వానాకాలమంతా బీరువాలో మగ్గిన బొంతలు, దుప్పట్లు, ఊలు శాలువాలు, పాత పట్టుచీరలు (చీరలు మాత్రం నీడలోనే) ఆ రోజు గాలి పోసుకుంటాయి. సాయంత్రం నాలుగు గంటలకు మడతపెట్టి తెచ్చిన బొంతలో ముఖం పెడితే వచ్చే వాసనకు తెలుగులో పేరు ఉందో లేదో కానీ, మా ఇంట్లో దానిని ఎండవాసన అంటాము. ఆ రాత్రి ఎవరికీ చలి లేకపోయినా అందరమూ బొంత కప్పుకుంటాము.

సీతాఫలాల సంగతికి వస్తే నేను కాస్త ఎక్కువసేపు చెప్పవలసి ఉంటుంది. మహబూబ్‌నగర్ వైపు గుట్టల నుంచి, ముఖ్యంగా బాలానగర్ ప్రాంతం నుంచి కాయలు నగరానికి దిగడం సెప్టెంబరులోనే మొదలవుతుంది. మా వీధి మలుపులో గంపతో కూర్చునే ఒక పెద్దమ్మ ప్రతి ఏడాదీ అదే చోటికి వస్తుంది. ఆమె తూకం వేయదు, లెక్క పెట్టి ఇస్తుంది, అంతకంటే ముందు "ఇయ్యాలకా, రేపటికా అమ్మా?" అని అడుగుతుంది. సీతాఫలం కొనడమంటే తినే రోజును కూడా నిర్ణయించుకోవడమే. కాయ మీది బుడిపెల మధ్య సందులను మేము కళ్లు అంటాము. ఆ కళ్లు విచ్చుకుని తెల్లగా, కాస్త పసుపుపచ్చగా కనిపిస్తే అది రెండు మూడు రోజులలో పండుతుంది. కళ్లు మూసుకుని ఉన్న కాయ ఎన్నాళ్లు దాచినా గట్టిపడి నల్లబడుతుందే తప్ప పండదు. పెద్దమ్మ వేళ్లతో తాకి మూడు ఇవాళ్టికి, మూడు రేపటికి, మూడు ఎల్లుండికి అని విడివిడిగా పెట్టి ఇస్తుంది. ఆమె లెక్క తప్పడం నేను ఇంతవరకు చూడలేదు.

ఇంటికి తెచ్చిన కాయలను బియ్యం డబ్బాలో దాచుతాము. అమ్మ చిన్నతనంలో, ఊరిలో, వరిగడ్డిలో మాగవేసేవారట. గుట్ట మీదికి పశువులతో వెళ్లిన పిల్లలు పచ్చికాయలనే మంటలో కాల్చి తినేవారట. కాయను ఫ్రిజ్‌లో పెడితే పైతోలు నల్లబడి, లోపల పండకుండా చెడిపోతుంది కనుక, పండిన తరువాత ఒక్క గంట చల్లబరచుకోవాలనుకుంటే తప్ప దానికి ఫ్రిజ్ పనికిరాదు. మూడో రోజు ఉదయం బియ్యం డబ్బా మూత తీయగానే వంటింటి నిండా వచ్చే సువాసనే ఆ పండు పిలుపు. రెండు చేతులతో కొద్దిగా ఒత్తితే అది తనంతట తానే రెండుగా విచ్చుకుంటుంది.

అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి వచ్చిన చెట్టుకు సీతమ్మ పేరు పెట్టుకుని, మన గుట్టల మీద అడవిచెట్టుగా పెంచుకున్న ప్రజల ప్రేమను నేను గౌరవిస్తాను. ఈ పండును ఎవరూ హడావుడిగా తినలేరు. దాదాపు ప్రతి తొనలోనూ ఒక నల్లటి గింజ ఉంటుంది, దానిని నాలుకతో వేరుచేసి పళ్లెంలో పెట్టి మళ్లీ మరో తొనకు వెళ్లాలి. గింజ విషపూరితం కనుక కొరకకూడదు. రాత్రి భోజనాల తరువాత మేము నలుగురమూ ఆ బండల మీదనే గుండ్రంగా కూర్చుని, మధ్యలో ఒక పళ్లెం పెట్టుకుని తింటాము. చేతులు జిగటగా ఉంటాయి కాబట్టి ఎవరూ ఫోను ముట్టుకోరు. పళ్లెంలో గింజలు పడే టక్‌టక్ చప్పుడు మధ్య, మిగిలిన ఏడాదంతా చెప్పుకోని సంగతులు ఆ అరగంటలో చెప్పుకుంటాము.

బతుకమ్మను చెరువు గట్టు మీద, ట్యాంక్‌బండ్ మీద అందరూ చూస్తారు. నాకు అంతకంటే ప్రియమైనది సద్దుల బతుకమ్మ ముందురోజు రాత్రి. గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి మా ఆయన తెచ్చిన బంతి, చామంతి, పట్టుకుచ్చు పూల సంచులు, శివారు ఊళ్ల ఆడవాళ్లు బస్సులో మోసుకొచ్చి అమ్మిన తంగేడు, గునుగు కట్టలు ముందుగదిలో తడిగుడ్డల మీద పరుచుకుని ఉంటాయి. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం, గునుగు మాత్రం పొలంలో ఎవరూ విత్తకుండానే మొలిచే కలుపుమొక్క. ఆ కలుపుపువ్వు లేకుండా బతుకమ్మ నిలబడదు. గునుగు కాడలను ఒకే పొడవుకు కత్తిరించి, చిన్న చిన్న కట్టలు కట్టి, తెల్లటి కొసలను గిన్నెలలో కలిపిన రంగుల్లో ముంచి వార్తాపత్రిక మీద ఆరబెట్టడం మా అమ్మాయి పని. నా పని తంగేడు. పళ్లెంలో గుమ్మడాకులు పరిచి, వరుస వెనుక వరుసగా పేర్చుకుంటూ వెళ్లే పని అమ్మది. వేళ్లు వణుకుతున్నా గోపురం ఒక్క వైపుకైనా ఒరగదు. మరునాడు పైన పసుపు గౌరమ్మను నిలిపి, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, పులిహోర, పెరుగన్నం, రొట్టె బెల్లం కలిపి నలిపిన మలీద వండుకుని వెళ్తాము. పండుగ ముగిసిన తరువాత కూడా నాలుగు రోజులపాటు మంచం కింద, తలుపు మూలల్లో పసుపు రేకులు దొరుకుతూనే ఉంటాయి. నేను వాటిని కావాలనే పూర్తిగా ఊడ్చను.

పై వాటాలో అద్దెకుండేవారిది గోదావరి వైపు. అట్లతద్ది రాత్రి వాళ్ల అమ్మాయి అట్లు పంపుతుంది, మేము జమ్మి ఆకు బంగారం తీసుకుని దసరా నాడు పైకి వెళ్తాము.

ఇక రాత్రుల విషయం. భారతాన్ని తెలుగు చేయడానికి పూనుకున్న నన్నయ అరణ్యపర్వంలో శారదరాత్రుల వర్ణన దగ్గరే కలం ఆపాడని, ఆయన చివరి పద్యం అదేనని మన పెద్దలు చెబుతూ వచ్చారు. తెలుగు ఆదికవి మాట ఒక శరద్రాత్రి దగ్గర ఆగిపోయిందన్న సంగతి బడిలో విన్న నాటి నుంచి నన్ను విడవలేదు. ఆశ్వయుజ పౌర్ణమి నాడు వీధిదీపాల వెలుతురులో కూడా మా డాబా మీద గోడ నీడ స్పష్టంగా పడుతుంది. ఆ వేళకు వీధి చివర ఆకాశమల్లె చెట్టు నుంచి పొడుగు కాడల తెల్లపూలు రాలుతూ ఉంటాయి. వాసన గాలి వాలును బట్టి వచ్చి పోతూ ఉంటుంది. మా పెరటి పారిజాతం రాత్రి పూసి తెల్లవారకముందే రాలిపోతుంది. నేలన పడిన పూలు పూజకు పనికిరావన్న నియమం నుంచి పెద్దలు ఒక్క పారిజాతాన్ని మినహాయించారు, అందుకే దాని కింద నేను రాత్రే ఒక పాత తెల్లచీర పరిచి వస్తాను.

ఆ పూలు ఏరడానికి అయిదు గంటలకు లేచినప్పుడు, అక్టోబరు మధ్యలో, దక్షిణాన మేడల వరుసకు పైన అగస్త్య నక్షత్రం కనిపిస్తుంది. రాత్రి ఆకాశంలో సిరియస్ తరువాత అంత ప్రకాశవంతమైన నక్షత్రం అదే. అగస్త్యుడు ఉదయిస్తే బురదనీళ్లు తేటపడతాయని పూర్వులు నమ్మారు. వరద తీసి నీరు తేరుకునే కాలమూ ఆ నక్షత్రం తెల్లవారుజామున కనబడే కాలమూ ఒకటే కనుక వాళ్లు చూసినది నిజమే. మా వాళ్లకు దానిని చూపించడానికి లేపితే మొదటి రోజు విసుక్కున్నారు, రెండో రోజు అమ్మాయి తనే లేచి వచ్చింది.

నూరు శరత్తులు చూద్దాం, నూరు శరత్తులు బతుకుదాం అని వేదమంత్రం. సంవత్సరం అనడానికి శరత్తు అన్నారు. వానలూ వరదలూ దాటి ఈ తేటదనానికి చేరితేనే ఒక ఏడాది గడిచినట్టు వాళ్లకు అనిపించిందేమో.

అమ్మ ఎనభై మూడో శరత్తు ఇప్పుడు నడుస్తున్నది. దసరా వెళ్లిన మరునాటి నుంచి ఆమె వత్తులు చేయడం మొదలుపెట్టింది. కార్తీక పౌర్ణమి నాటి దీపానికి ఏడాదిలో రోజుకొకటి చొప్పున 365 వత్తులు కావాలి. బజారులో కట్టలుగా దొరుకుతాయి కానీ ఆమె కొననివ్వదు. చాప మీద ఎండలో కూర్చుని, ఒళ్లో పత్తి పెట్టుకుని, గింజ తీసి, దూదిని చేత్తో విడదీసి, అరచేతుల మధ్య పాలు అద్ది తిప్పుతుంది. పదేసి వత్తులను ఒక వరుసగా బండ మీద పేరుస్తుంది. పన్నెండు దాటాక ఎండ తూర్పు వైపు జరుగుతుంటే చాపను కూడా దానితో పాటు జరపమంటుంది. ఈ మధ్యాహ్నం మొదటి బండ అంచు దగ్గర ఎండ నిలిచి ఉండగా అమ్మాయి కళాశాల నుంచి వచ్చి, చెప్పులు విప్పి, ఆమె ఎదురుగా కూర్చుంది.

"ఎన్ని అయినయ్ అమ్మమ్మా?"

"నూట తొంభై. నువ్వు వచ్చినవ్ గదా, నూట తొంభై ఒకటి నువ్వు చెయ్యి."