ఆ చెయ్యి తీసెయ్ తమ్మీ

పగలంతా నేను చేసేది ర్యాంకుల ఫ్లెక్సీలు. కోచింగ్ సెంటర్లవాళ్లు పంపిన పాస్‌పోర్టు ఫొటోల్లో బ్యాక్‌గ్రౌండ్ తీసేసి, పిల్లల మొహాలకు కాస్త వెలుగు పెట్టి వరసల్లో సర్దడం. పండగొస్తే చీరల షాపుల డిస్కౌంట్లు. అందుకే, మ్యాన్‌హోళ్లలో చచ్చిపోతున్నవాళ్ల మీద ఓ పోస్టర్ చేసిపెట్టమని పారిశుద్ధ్య కార్మికుల సంఘంలో తెలిసిన అన్న ఒకాయన అడగ్గానే ఎగిరి గంతేశాను. 2023 అక్టోబర్ చివర్లో సంగతి. నీకివ్వడానికి డబ్బుల్లేవు, పేపరు, ప్రింటింగ్ ప్లేట్ల ఖర్చుకి మాత్రం చందాలేసుకుంటాం అన్నాడు.

రెండు రాత్రులు కూర్చున్నా. కాగితమంతా నలుపు, మధ్యలో తెరిచిన మ్యాన్‌హోల్, అందులోంచి పైకి లేచిన చెయ్యి. కింద మూలన చిన్నక్షరాల్లో ‘ఇంకెందరు?’. నాకే ఒళ్లు గగుర్పొడిచింది. డిజైనర్ల వాట్సాప్ గ్రూపులో పెడితే దండాల, మంటల ఎమోజీలు వరసగా పడ్డాయి.

బాగ్‌లింగంపల్లిలో సంఘం వాళ్లు కూర్చునే గదికి ప్రింటు తీసుకెళ్లా. అన్నకి నచ్చలేదు. “పిడికిలి లేకుండా పోస్టరేంది తమ్మీ?” అన్నాడు. పైన నాయకుల ఫొటోలు వరసగా ఉండాలన్నాడు ఇంకొకాయన. ఆ మాట కోసం సిద్ధపడే వెళ్లాను. ఫొటోలు పెడితే గోడ మీద కనబడేది వాళ్లేగానీ విషయం కాదని గట్టిగానే వాదించా. ఆ గొడవలో ఉండగా, సెప్టిక్ ట్యాంకులో భర్త పోయిన ఒక అక్క ప్రింటు చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది.

“ఇది ఎవరు చూడాలని తమ్మీ?”

అందరూ చూడాలని, జనంలో కదలిక రావాలని ఏదో చెప్పా.

“ఆ చెయ్యి తీసెయ్. మావోడు చెయ్యెత్తలే. ఎత్తేంత టైమియ్యదు గ్యాసు. ముందుగాల దిగినోడు పడిపోయిండని వాణ్ని పట్టుకుందామని దిగిండు ఈయన. ఇద్దరూ పోయిండ్రు. ఆ ముచ్చట రాయి.”

ఇంటికొచ్చి ఆ చేతిని తీసేశాను. తీసేశాక కాగితం మీద మిగిలింది నల్ల రంగు.

అప్పుడు చదవడం మొదలెట్టా, ముందే చెయ్యాల్సిన పని. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెం ఉంటే కుళ్లిన కోడిగుడ్డు కంపు. ఎక్కువైతే ముక్కు మొద్దుబారిపోతుంది, అసలు వాసనే తెలీదు. కంపు తగ్గిందిలే అని దిగితే అదే ఆఖరు. పడిపోయినవాణ్ని లాగడానికి ఇంకొకడు, వాడి కోసం మూడోవాడు, ఇలా ఒకే గుంటలో ముగ్గురేసి నలుగురేసి పోయిన వార్తలు తిరగేసిన చోటల్లా కనబడ్డాయి. చట్టానికి కొదవ లేదు. మనుషులతో పాకీపని చేయించకూడదనే 2013 చట్టం ప్రకారం సరైన రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు గుంటలోకి దించడమే నేరం. దించినవాళ్లకి మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. దించినవాళ్లంటే కాంట్రాక్టరు ఒక్కడే కాదు. ట్యాంకు నిండిందని మనిషిని పిలిపించిన అపార్ట్‌మెంటు కమిటీ అయినా సరే. మా అపార్ట్‌మెంట్లో కిందటేడు ఎవరు దిగారో, ఎలా దిగారో నేను అడిగిన పాపాన పోలేదు.

పరిహారం దగ్గర తప్పులో కాలేశా. 1993 నుంచి పోయినవాళ్లందరి కుటుంబాలకీ 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014 మార్చిలో చెప్పింది. సఫాయి కర్మచారీ ఆందోళన్, అంటే మన బెజవాడ విల్సన్ గారి సంస్థ, ఏళ్ల తరబడి నడిపిన కేసది. అదే అంకె వేశాను. అక్క ఫోన్ చేసి “పెరిగిందంటున్నరు, జర అడుగు” అంది. వకీలు దగ్గరకెళ్తే నిజమే, వారం కిందటే అక్టోబర్ 20న 30 లక్షలు చేసింది కోర్టు. పాత అంకెతో వెయ్యి కాపీలు వేసుంటే ఏ కాంట్రాక్టరో ఆ కాగితమే చూపించి పదితో సరిపెట్టేవాడు.

తర్వాత బొమ్మలు. “చదువొచ్చినోడు గీ పనికెందుకొస్తడు?” అంది అక్క. దాంతో మూడు గళ్లు గీశా. ఒకడు లోపల పడిపోయాడు, రెండోవాడు దిగబోతున్నాడు, మూడో గడిలో ఫోను, ఫైరింజన్ వాళ్ల నంబరు 101. రెండో గడి మీద ఎర్రటి ఇంటూ మార్కు. పొద్దున్నే లేబర్ అడ్డా మీద టీ తాగుతున్న నలుగురికి చూపించి ఏం అర్థమైందని అడిగా. ముగ్గురు ఒకటే మాటన్నారు: “వీడు కూడా పోయిండు.” రిజిస్టర్లో పేరు మీద గీత కొట్టేస్తే మనిషి లేడనేగా! దిగొద్దని చెప్పేది ఇంటూ మార్కని ట్రాఫిక్ బోర్డులు చూసి పెరిగిన నేననుకున్నాను.

ఇంటూ తీసేశా. దిగబోతున్నవాడి చొక్కాని వెనకనుంచి గట్టిగా గుంజిపట్టిన చెయ్యి గీశా. మర్నాడు అదే అడ్డాలో చూపిస్తే ఒక పెద్దాయన “ఆపుతున్నరు వాణ్ని” అన్నాడు. వెంటనే “ఎవరాపుతరు గట్ల?” అని నవ్వాడు కూడా.

ప్రెస్సు వ్యవహారం మరో నరకం. ఎన్నికల రోజులు, మిషన్లన్నీ పార్టీల పనుల్లో మునిగున్నాయి. ప్రెస్సాయన మా పోస్టర్ చూసి కోడ్ ఉంది, వెయ్యనన్నాడు. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ ఫోన్లో తీసి చూపించా. ఎన్నికల పోస్టరంటే అభ్యర్థిని గెలిపించడానికో ఓడించడానికో వేసేది, దానికైతే ప్రచురించేవాడి డిక్లరేషన్ కావాలి, ఇందులో అభ్యర్థే లేడన్నా. ఆయన అంతా విని, “మీది మీరు చదువుకున్నారు, నాకు పోలీసు వస్తే?” అన్నాడు. అదీ నిజమే. ముద్రించిందెవరో, ప్రచురించిందెవరో అడుగున ఓ లైను వేసి, సంఘం లెటర్‌హెడ్ మీద కాగితం రాసిస్తే ఒప్పుకున్నాడు.

ఒప్పుకున్నాక ప్రూఫొచ్చింది. పెద్దక్షరాల్లో ‘30 లక్‌షలు’. క్ష కాస్తా విడిపోయి క మీద పొల్లు, పక్కన ష. ‘చట్టం’లో ట వత్తు పక్కకి జారి కూర్చుంది. వాళ్ల సిస్టంలో ఉన్నది పాత అనూ ఫాంట్లు, నేనిచ్చింది యూనికోడ్ ఫైలు, రెంటికీ పడదు. నా తప్పూ ఉంది. అక్షరాలన్నీ ఔట్‌లైన్లుగా, అంటే బొమ్మల్లా, మార్చి పంపితే ఈ గోలే ఉండదని పదేళ్ల నుంచి తెలిసినవాణ్ని, హడావిడిలో మర్చిపోయా. తెలుగులో పోస్టర్ చేసేవాళ్లకి ఇంకో మాట: లైన్ల మధ్య చోటు ఇంగ్లిష్ లెక్కన వదిలితే పై లైను వత్తులు కింది లైను గుడుల మీద కూర్చుంటాయి. తలనొప్పి పోస్టర్ది కాదు, మన లిపిది. నాకైతే ఆ లిపే ఇష్టం.

18×23 అంగుళాల సైజు, మ్యాప్‌లిథో కాగితం, పసుపూ నలుపూ రెండే రంగులు, వెయ్యి కాపీలు. అంటించడానికి మైదా ఉడికించి అందులో చిటికెడు మైలుతుత్తం కలిపారు, పురుగు తినకుండా. గోడలు ఖరాబు చేస్తే శిక్షించే చట్టం ఒకటుంది కాబట్టి, మెయిన్ రోడ్లు వదిలేసి, అడిగి ఒప్పుకున్నవాళ్ల గోడలకే అంటించాలనుకున్నాం. చోటెక్కడన్నది అక్క తేల్చేసింది. కాలనీ సందుల్లో గోడల మీద ‘సెప్టిక్ ట్యాంక్ క్లీనింగ్’ అని నల్లరంగుతో ఫోన్ నంబర్లు కొట్టి ఉంటాయి కదా, సరిగ్గా దాని పక్కన. ఆ నంబరు కోసం వచ్చేవాడు దీన్ని చూడక తప్పదు. ఇన్నేళ్లుగా అడ్వర్టయిజింగ్ చేస్తున్నా, నాకు తట్టలేదా ముక్క.

నల్ల కాగితం పోస్టరు ఇప్పటికీ గ్రూపుల్లో తిరుగుతోంది. ఓ ఎగ్జిబిషన్‌కి అడిగారు కూడా. ఇవ్వలేదు. పసుపు పోస్టర్ని మాత్రం ఎవరూ షేర్ చెయ్యలేదు. ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మూడు బొమ్మలున్న ముక్కని కత్తిరించి మోటారు గది తలుపుకి అంటించుకున్నాడని అన్న చెప్పాడు.

రెండో ప్రింటుకి మళ్లీ చందాలు పోగవుతున్నాయి. ఈసారి ఒడియాలో కూడా వెయ్యాలంటోంది అక్క. ఈ పనికి ఒడిశా నుంచి కూడా పిల్లలొస్తున్నారట. ఆ అక్షరాల్లో ఏది జారిందో, ఏది విరిగిందో నాకు తెలీదు. ప్రూఫ్ చూసిపెట్టే మనిషి కోసం తిరుగుతున్నా.